మనశ్శాంతి – గ్రామశాంతి

(లింగంపల్లిలో గ్రామ పంచాయతీ సభ్యులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



గ్రామాభివృద్ధి అనగానే రోడ్లు, మంచినీరు, పన్నుల వసూలు మనకు జ్ఞప్తికి వచ్చును. నేడు మేము మనశ్శాంతిని గురించి ముచ్చటింపదలచితిమి. ఇది సన్యాసులకే సంబంధించిన విషయమని తలపవద్దు. మనసు కుదుటపడని వాని చేతిలో గ్రామ వ్యవహారములును కుదుటపడవు.

మనము సమావేశమైన ఈ లింగంపల్లినే చూడుడు. ఒకనాడు ఇచ్చట పొలములు, చెరువులు, బండరాళ్లు ఉండెడివి. 1998లో సమీపమున మాదాపూరులో సైబర్ టవర్స్ వెలసెను. 2007లో శేరిలింగంపల్లి పురపాలక సంఘము హైదరాబాదు మహానగర పాలక సంస్థలో విలీనమయ్యెను. ఎకరముల లెక్క పోయి గజముల లెక్క వచ్చెను. భూమి ధర పెరిగినంతగా మనసున శాంతి పెరిగినదా? ఆనాడు చవుకగా అమ్మిన పొలమును, దాని నేటి ధరను తలచుకొని కుములువారు కొందరు. గట్టు తగాదాతో అన్న గడప త్రొక్కని తమ్ములు కొందరు. ఈ గాలి నేడు మీ గ్రామములకును వీచుచున్నది.

జరిగిపోయిన దానిని జరిగినట్లు ఒప్పుకొనుట శాంతికి మొదటి మెట్టు. అన్యాయమునకు తలవంచుమని మా భావము కాదు. మోసము జరిగినచో న్యాయమును కోరవలసినదే. అమ్మిన పొలము, ఓడిన ఎన్నిక మాత్రము చింతించినందున తిరిగి రావు.

రెండవది విడిచిపెట్టుట. దీనికి దృష్టాంతము మన చెంతనే కలదు. 1951 ఏప్రిల్‌లో హైదరాబాదు చెంతనున్న శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనము జరిగెను. ఆచార్య వినోబా భావే వార్ధా ప్రాంతమునుండి కాలినడకన దానికి విచ్చేసి, పిదప తెలంగాణ పల్లెలలో పాదయాత్రకు బయలుదేరిరి. భూమికై సాగిన సాయుధ పోరాటముతోను, దాని అణచివేతతోను పల్లెలు నలిగియున్న కాలమది. ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో భూమిలేని హరిజన కుటుంబములవారు తమకు 80 ఎకరములు లభించిన చాలునని విన్నవించుకొనిరి. ఈ భూమిని మీలో ఎవరైన ఇయ్యగలరా యని వినోబా గ్రామస్థులనే అడిగిరి. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరములు ఇచ్చెదననిరి. ఆవిధముగా భూదానోద్యమము పుట్టెను. అడిగినది 80, ఇచ్చినది 100. ఆ ఊరు నేడు భూదాన్ పోచంపల్లిగా పేరొందినది.

అయితే తరువాతి కాలమున దేశమున దానమిచ్చిన భూములన్నియు పేదలకు చేరలేదు. కొన్ని సాగుకు పనికిరానివి, మరికొన్ని వ్యాజ్యములలో చిక్కుకొన్నవి. కాగితముపై విడిచి మనసున పట్టుకొనియుండుట విడిచిపెట్టుట కాదని దీనివలన గ్రహింపవలెను.

మనమందరము 100 ఎకరములు ఈయజాలము. గట్టువద్ద మూరెడు నేలపై పట్టుదలను విడువజాలమా? కోర్టులో ఏండ్లతరబడి సాగు సివిలు దావాను లోక్ అదాలతులో ఉభయుల సమ్మతితో ముగించుకొనవచ్చును. ఆ తీర్పు కోర్టు డిక్రీతో సమానము, దానిపై అప్పీలు లేదు. కట్టిన కోర్టు ఫీజును తిరిగి పొందవచ్చును. ఈ సంగతిని తగవులాడుకొను సోదరులకు తెలుపుట మీ విధి. రాజీపడినవాడు ఓడినవాడని ఊరిలో ఎవరును ఎగతాళి చేయకుండ చూచుటయు మీ విధియే.

మూడవది ప్రేమ. మనకు ఓటు వేసిన వారిని ప్రేమించుట సులభము. ఓటు వేయని వాడలో వీధిదీపము ఆరినపుడు, అది మన ఇంటి ముందరి దీపమువలె ఆ సాయంత్రమే వెలుగవలెను. ఓడిన అభ్యర్థి ఇంటికి గెలిచినవారే ముందుగా వెళ్లి సలహా అడుగవలెను. ఆవల వారు మాట్లాడకున్నను సరియే. మన మనసులోని బరువు తగ్గును.

మిత్రులారా! పగలంతయు పంచాయతీ పనులు చూచి, రాత్రి ఎవరిపైనను పగ లేక నిదురింపగల సభ్యుడే గ్రామమునకు నిజమైన అండ. మీ ఊరిలో మాటలు లేని రెండు ఇండ్లను తలచుకొనుడు. రేపు ఉదయము ముందుగా ఆ ఇండ్లకు వెళ్లుడు. వానిలో ఒకటి మీదే అయినచో, మొదట మాట్లాడుట మీ వంతు.