చెప్పుచు నేర్చుకొనుట

హిందూపురములోని బాలబాలికలు కొందరు చేరి ఫ్రెంచి భాషను నేర్చుకొనదలచిరనుకొందము. ఫ్రెంచి తెలుగువారికి బొత్తిగా పరాయిది కాదు. యానాములో 1954 వరకు అది పాలకుల భాష. అయినను ఈ ఊరిలో చెప్పువారెవరు? తమలో నాలుగు మాసములు ముందుగా నేర్చినవారే తక్కినవారికి చెప్పవచ్చునని నేనందును. గ్రుడ్డివాడు గ్రుడ్డివానికి దారి చూపినట్లున్నదని పెద్దలు నవ్వవచ్చును. కాని ఈ పద్ధతి ఈ సీమకు పాతదే.

1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో దేశీయ పాఠశాలల వివరములను కోరెను. పెనుగొండ, ధర్మవరము ప్రాంతములు అప్పుడు బళ్ళారి జిల్లాలోనివి. అనంతపురము జిల్లా 1882లో గాని ఏర్పడలేదు. బళ్ళారి కలెక్టరగు ఎ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో బదులు వ్రాసెను. 1816లో తెలుగు వ్యాకరణమును ఇంగ్లీషున ప్రకటించినవాడీతడే. జిల్లాలోని బడులు 533, చదువుకొనువారు 6,641 మంది. కన్నడపు బడులు 235, తెలుగు బడులు 226, ఇంగ్లీషు బడి ఒక్కటి. ముందు నేర్చిన పిల్లలచేత వెనుకటివారికి చెప్పించుటయు, అందుచే చెప్పువాని చదువు గట్టిపడుటయు మెచ్చదగినవనియు, ఇంగ్లండు దీని ననుకరించుట తగియున్నదనియు ఆయన వ్రాసెను. ఆ అనుకరణమునకు కారకుడు ఆండ్రూ బెల్. ఆయన 1789లో మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమమున చేరి, ఒక వీధిబడి పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి, పెద్ద పిల్లలచే చిన్నవారికి చదువు చెప్పించి, 1797లో ఆ విధానమును లండనులో ప్రకటించెను. దానికి మద్రాసు పద్ధతి యని పేరు వచ్చినది.

ఇక ఫ్రెంచి. మిత్రుని ‘అమి’ యందురు. దానిముందు ‘లె’ చేరినచో ‘లమి’ యగును. సంధి నెరిగిన మన బాలునకిది వింత గాదు. నీవు, మీరు అను భేదము ఇంగ్లీషున లేదు, ఫ్రెంచిలో గలదు. చిక్కు లింగములలో నున్నది: సూర్యుడు పుంలింగము, చంద్రుడు స్త్రీలింగము, బల్లయు స్త్రీలింగమే. వ్రాసినదంతయు పలుకరాదు; పదాంతమందలి హల్లులు పెక్కు మూగవి. ఈ చిక్కులలో నిన్ననే పడి లేచినవాడు, తోటివాడెచ్చట జారునో పండితునికంటె బాగుగ నెరుగును.

ప్రమాదమును గలదు. పిల్లలు అర్థమెరుగకయే పద్యములు వల్లించుచున్నారని క్యాంబెల్ నాడే విచారించెను. నాయకుని తప్పు పదిమందికి పాకును. కావున ఫ్రెంచివారి ఉచ్చారణమును ధ్వనిముద్రణములలో విన్న పిదపనే పాఠము చెప్పవలెను. తెలియనిచో తెలియదనవలెను. ప్రతి పాఠము చివర వెనుకబడినవాడు తన సొంత వాక్యమొకటి చెప్పవలెను. పదవ తరగతివారు వెడలిపోవుదురు గనుక, తొమ్మిదవ తరగతివారు ఈ యేడే చెప్పుటకు మొదలిడవలెను. లేనిచో సంఘము వారితోనే పోవును.

అన్నింటికంటె ముఖ్యమైనది వేళ. నాడు బడులు క్షీణించుటకు క్యాంబెల్ చెప్పిన కారణము పేదరికము. ఐరోపా వస్త్రములు వచ్చి ఇచ్చటి పనివారి బ్రతుకు చెడెను. పసివారి కష్టము కూడ ఇంటికి అవసరమయ్యెను. ధర్మవరమున నేటికిని పట్టుమగ్గములు ఆడుచున్నవి. బడి విడువగానే ఇంటి పనికి పోవలసిన బాలిక సాయంకాలపు సంఘమునకు రాజాలదు. ఆమె రానిచో అది తీరిక గలవారి వినోదమగును. కావున మధ్యాహ్న విరామముననే కూడవలెను. రుసుము వలదు, కొనవలసిన పుస్తకము వలదు.

హిందూపురము, పెనుగొండ, ధర్మవరములలో ఏ పాఠశాలయైనను ఒక గదిని, అరగంట కాలమును ఇచ్చిన చాలును. తక్కినది పిల్లలు చూచుకొందురు.