వీధికి తెలిసింది, బిడ్డకు తెలియలేదు



తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలో ఉండేది. ఆ రోజు సరిహద్దు మారింది గాని ఇళ్లలో భాష మారలేదు. తిరుత్తణి, పళ్ళిపట్టు వైపు నేటికీ ఎన్నో కుటుంబాలు ఇంట్లో తెలుగే మాట్లాడతాయి. బిడ్డలు బడిలో తమిళం చదువుతారు. అయితే తమ శరీరం గురించి అడగాల్సి వచ్చినప్పుడు ఈ బిడ్డలకు రెండు భాషల్లోనూ నోరు రాదు.

ఆడబిడ్డ పెద్దమనిషి అయితే మనం ఏం చేస్తాం? మేనమామను పిలుస్తాం, పందిరి వేస్తాం, ఫోటోతో ఫ్లెక్సీ కడతాం. వీధంతా తెలుస్తుంది. కానీ ఆ రక్తం ఎందుకు వస్తుంది, గర్భం ఎలా నిలుస్తుంది, ఎలాంటి నొప్పి వస్తే డాక్టరు దగ్గరికి వెళ్లాలి అని బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేవాళ్లు తక్కువ. మగబిడ్డకైతే ఆ మాత్రం కూడా లేదు. అతనికి సెల్‌ఫోనే గురువు.

మరి సేవలు లేవా? ఉన్నాయి. 10 నుండి 19 ఏళ్ల వారి కోసం కేంద్ర ప్రభుత్వం 2014 జనవరిలో రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం మొదలుపెట్టింది. ఈ వయసు వారికి ప్రత్యేక క్లినిక్కులు, సలహా చెప్పేవాళ్లు ఉండాలన్నది అందులో ముఖ్యమైన మాట. తిరుత్తణిలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. తిరువళ్లూరులో ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా వచ్చింది.

కానీ బిడ్డ ఆ గడప ఎక్కదు. ఓపీ లైనులో చుట్టాలు కనిపిస్తే? "పెళ్లయిందా?" అని నలుగురిలో అడిగితే? ఆ భయంతో మెడికల్ షాపులో ఏదో మాత్ర కొని, ఎవరికీ చెప్పకుండా వేసుకుంటుంది. అలా ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. ఇటుక బట్టీల్లో పనిచేసే ఇరుళర్ కుటుంబాల బిడ్డలకైతే ఆ దూరం ఇంకా ఎక్కువ. చదువు ఆగిపోతే బడిలో వినబడే ఆ కాస్త మాట కూడా ఆగిపోతుంది.

పోలీసు భయం కూడా ఉంది. 18 ఏళ్లలోపు బాలిక గర్భవతి అయితే పోక్సో చట్టం ప్రకారం డాక్టరు పోలీసులకు తెలపాలి. అందుకే కుటుంబాలు ఆసుపత్రికి రాకుండా దాక్కుంటాయి. అయితే బాలిక, ఆమె గార్డియన్ కోరితే డాక్టరు ఆమె పేరు, వివరాలు పోలీసులకు వెల్లడించనక్కరలేదని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు చెప్పింది. ఈ సంగతి ఎన్ని ఇళ్లకు తెలుసు? గర్భస్రావం గురించి సంఘంలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. కానీ దొంగచాటు వైద్యానికి బిడ్డను అప్పగించకూడదు అన్నచోట మనమంతా ఒక్కటిగా నిలబడాలి.

మార్కు సువార్త 5వ అధ్యాయం గుర్తు చేసుకోండి. యాయీరు కుమార్తెకు పన్నెండేళ్లు. రక్తస్రావంతో బాధపడిన స్త్రీకి పన్నెండేళ్ల రోగం. ఒక బిడ్డ పుట్టి పెరిగినంత కాలం ఆమె బాధను మోసింది. ఉన్నదంతా వైద్యులకు పెట్టింది. చివరికి జనంలో వెనక నుంచి, ఎవరికీ తెలియకుండా వచ్చింది. ప్రభువు ఆమెను గద్దించలేదు. అందరి ముందు కుమార్తె అని పిలిచాడు. మన బిడ్డలు కూడా వెనక నుంచే వస్తున్నారు. వాళ్లను మనం ఏమని పిలుస్తున్నాం?

మన సంఘాలు మూడు పనులు చేయగలవు. నెలకు ఒక శనివారం గ్రామ ఆరోగ్య నర్సును పిలిపించి, ఆడపిల్లలకు, మగపిల్లలకు వేరువేరుగా, ఇంటి భాషలోనే మాట్లాడించాలి. ఆసుపత్రికి తోడు వెళ్లడానికి, విన్న మాట బయట పెట్టని ఇద్దరు పెద్దలను ప్రతి సంఘం ఏర్పరచుకోవాలి. పెళ్లికి ముందు ఇచ్చే కౌన్సెలింగులో వాక్యంతో పాటు ఆరోగ్యం గురించీ, బిడ్డకూ బిడ్డకూ మధ్య ఎడం గురించీ చెప్పాలి. బలవంతంగా జరిగే బాల్యవివాహం మన దృష్టికి వస్తే 1098కి ఫోన్ చేయాలి.

వీటికి పెద్ద నిధులు అక్కరలేదు. ఎవరైనా బిడ్డ మన దగ్గరికి వచ్చి అడిగితే, ముందు తిట్టకుండా పూర్తిగా విందాం. తర్వాత తనతో కలిసి ఆసుపత్రి దాకా నడుద్దాం.

ప్రభువు మనకు ఆ ధైర్యం దయచేయును గాక.