తూనికయందలి ధర్మము

(కేసముద్రమున జరిగిన సంఘ వార్షిక మహాసభయందలి ఉపన్యాసము)



వేదాంతమును గూర్చి ప్రసంగింపుమని కార్యదర్శిగారు నన్ను ఆజ్ఞాపించిరి. నేను శాస్త్రపండితుడను గాను. పూర్వము వరంగల్లు జిల్లాలోనిదై, 2016 నుండి మహబూబాబాదు జిల్లాలో చేరిన ఈ కేసముద్రపు బజారులో, మిర్చి పసుపుల నడుమ, కాంటా ప్రక్కను కూర్చుండి జీవించినవాడను. నాకు తెలిసిన తావునుండియే మాటలాడెదను.

శాంతిపర్వమున భీష్ముడు ధర్మరాజునకు చెప్పిన కథ యొకటి కలదు. జాజలి యను తపస్వి కొయ్యవలె నిలిచియుండగా పక్షులు ఆయన జడలలో గూడు గట్టి గ్రుడ్లు పెట్టినవి. పిల్లలు ఎగిరిపోవువరకును ఆయన చలింపలేదు. అంతట, ధర్మమును సాధించితినని గర్వించెను. కాశీలోని తులాధారునకు నీవు సాటిరావని అశరీరవాణి పలికినది. ఎవరీ తులాధారుడు? అంగడిలో సుగంధద్రవ్యములమ్ము వర్తకుడు! తన త్రాసు సర్వభూతములకు సమమనియు, కపటము లేక అమ్ముదుననియు అతడు మునికి బోధించెను. అడవిని వదలి ముని అంగడికి రావలసివచ్చుట గమనింపుడు.

స్వకర్మచేతనే భగవంతుని అర్చింపవచ్చునని గీత 18వ అధ్యాయము చెప్పుచున్నది. దానిని పూజగదిలో పారాయణము చేసి, కాంటాయొద్ద మరచుట మనకు అలవాటు. “అందరును తరుగు తీయుచుండగా నేనొక్కడను మానినచో వ్యాపారము నిలుచునా?” యందురు. నిలువకపోవచ్చును. నిష్కామకర్మ యనగా లాభము వలదనుట కాదు. లాభము తగ్గినను త్రాసు మ్రొగ్గకుండుట.

పరుల మాట యేల? ముప్పది యేండ్ల క్రిందట ఒక రైతు నాయొద్దకు 23 బస్తాల మిర్చి తెచ్చెను. కాయ బాగుగ ఎండినది. అయినను తేమ యున్నదని బస్తాకొక కిలో తరుగు తీయించితిని. దడవాయి నా ముఖము చూచి ఊరకుండెను. అప్పు నాయొద్దనే యున్నది గనుక రైతును ఊరకుండెను. ఆ యేడే విద్యార్థుల వసతిగృహమునకు విరాళమిచ్చి శిలాఫలకముపై పేరు చెక్కించుకొంటిని. మీరు కరతాళధ్వనులు చేసితిరి. ఆ ఫలకమును చూచినప్పుడెల్ల, రైతు పేరును అందుండవలసినది గదా యని తోచెడిది.

మరుసటి యేడు అతడు వచ్చినపుడు 23 కిలోల వెల లెక్కగట్టి చేతిలో పెట్టితిని. సంతోషించునని తలచితిని. అతడు నోట్లు లెక్కించుకొని, “మరి అంతకు ముందేడుది, సావుకారీ?” అని మాత్రమడిగెను.

పాత చిట్టాలు తీసి అతని లెక్క తేల్చుటకు రెండు రాత్రులు పట్టినది. తక్కిన రైతుల లెక్క నేటికిని తేలలేదు.