చెరవీడి వచ్చిన తండ్రి – బడికి వచ్చు బిడ్డ
(పాఠశాల వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



వార్షికోత్సవమున బిడ్డల బహుమతులను గూర్చి మాటలాడుట ఆచారము. నేడు మేమొక చేదుమాట చెప్పదలచినాము. త్రాగుడునకో మాదకద్రవ్యములకో లోబడి, చెరసాలపాలై, తిరిగి యిల్లు చేరిన మనుష్యుని గూర్చిన మాట యిది. అట్టివాని బిడ్డ మన బడిలోనే, మీ బిడ్డ ప్రక్కనే కూర్చుండవచ్చును. అందుచేత నీ మాట యిచ్చటనే చెప్పవలసియున్నది.

మన బెంగళూరులో శేషాద్రి రోడ్డున నుండిన పాత సెంట్రల్ జైలు 2008వ సంవత్సరమున ఫ్రీడం పార్కుగా మారినది. ఖైదీలు అంతకుమునుపే పరప్పన అగ్రహారమునకు తరలింపబడిరి. రాతిగోడలనడుమ తోట వేయగలిగితిమి. విడుదలైన వాని చుట్టు మన చూపులు కట్టు గోడను మాత్ర మింకను తొలగింపలేదు.

వ్యసనము కేవలము దుర్గుణమని మన పెద్దలు తలచిరి. వైద్యశాస్త్రము దానిని రోగమనుచున్నది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మద్యము, మాదకద్రవ్యముల దుర్వినియోగముతో ముడివడిన మానసిక స్థితులను కూడ వ్యాధులలో చేర్చినది. హోసూరు రోడ్డున నున్న నిమ్హాన్స్‌లో దీని చికిత్సకు ప్రత్యేక విభాగము కలదు. బహుకాలము మిక్కుటముగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినచో మూర్ఛలు, మతిభ్రమ కలిగి ప్రాణమునకే ముప్పు రావచ్చును. కావున దేవుని పటము ముందు ఒట్టు వేయించి గదిలో పెట్టి తాళము వేయుట చికిత్స కాదు. వైద్యుని యొద్దకు గొనిపోవలెను.

విడుదల దినమును సుదినమని తలతుము. నిజమునకు గండము అప్పుడే మొదలగును. చెరలో మత్తు దొరకక శరీరము దానినోర్చు శక్తిని కోల్పోవును. వెలుపలికి వచ్చి పూర్వపు మోతాదే పుచ్చుకొనినచో నది ప్రాణాంతకము కావచ్చును. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమున విడుదలైన ఖైదీలను గూర్చి 2007లో ప్రకటింపబడిన పరిశోధన ప్రకారము, తొలి రెండు వారములలో వారికి మృత్యుభయము ఇతర పౌరులకంటె 12.7 రెట్లు. ఆ దినములలోనే పని దొరకదు, బంధువులు మొగము చాటువేయుదురు, పాత స్నేహితులు మాత్రము వీధిమొగన నిలిచియుందురు. మన తలుపు మూసినచో వాడు ఏ తలుపు తట్టును?

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొనుచున్న స్త్రీలు సారా దుకాణమును మూయించిరి. ఆ యుద్యమము వ్యాపించి 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశమున సారా నిషేధింపబడినది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము మాత్రము 1997లోనే సడలినది. దుకాణము మూయించుటతో పని ముగియదు. మానదలచిన వానికి ఇంటి తలుపు తెరచుట మిగిలియున్నది.

చట్టము కొంత తోవ చూపినది. 1958 నాటి ప్రొబేషన్ చట్టము క్రింద మందలించి గాని, ప్రొబేషనుపై గాని విడిచిపెట్టబడిన వానికి ఆ శిక్ష వలన అనర్హత అంటదు. 2015 నాటి బాలల న్యాయ చట్టము తప్పుచేసిన బాలునికిని సాధారణముగా నట్టి రక్షణ నిచ్చుచున్నది. న్యాయస్థానము తుడిచివేసిన మచ్చను మనము మరల దిద్దుట ధర్మమా?

మనది చిన్న సమాజము. పరదేశమున ఒకరినొకరు ఎరిగియుండుట మన బలము. ఒకరి కథ ఒకరింట చెప్పుకొనుట మన బలహీనత. కావున మేము మిమ్ము మూడు కోరుచున్నాము. తండ్రి నేరమును బిడ్డ చెవిని వేయకుడు. ఆ బిడ్డతో అన్నము పంచుకొనవలదని మీ బిడ్డకు చెప్పకుడు. మీ దుకాణమున, కార్ఖానాలో చేయదగిన పని యున్నచో చికిత్స పొందుచున్న వానికొక అవకాశ మిండు. ఒకసారి మరల జారినంతమాత్రమున వానిని విడువక, తిరిగి వైద్యునొద్దకు పంపుడు. 14416 అను టెలీమానస్ సంఖ్యకు తెలుగులోనే మాటలాడవచ్చును. మత్తు విడుపునకు 14446 కలదు.

తండ్రి మారునో మారడో మనము చెప్పజాలము. బిడ్డ తల యెత్తుకొని బడికి వచ్చుట మాత్రము మన చేతిలోనిది.