కాన్పునాటి రక్తపుపోటు - ముందునాళ్ళ గుండె
(గ్రంథాలయ మహిళా సమావేశమునందలి ప్రసంగ పాఠము)



పల్లెలలో ఒక మాట తరచుగా వినబడుచుండును: "బిడ్డ పుట్టింది, పోటు పోయింది." నెలలు నిండకమునుపే కాళ్ళకును మొగమునకును నీరుపట్టి, రక్తపుపోటు హెచ్చి, ఆస్పత్రిలో దినములు లెక్కించుకొనుచు పడియుండిన కోడలు బిడ్డనెత్తుకొని ఇల్లు చేరినప్పుడు ఇంటిల్లిపాదియు ఆ మాటయే అనుకొని నిట్టూర్పు విడుతురు. అట్లనుకొనుట సహజము. కాని అందు సగమే నిజము. ఆనాటి పోటు తగ్గినది. ఆమె గుండె విషయమున కనిపెట్టియుండవలసిన కాలము అప్పటినుండియే ఆరంభమైనది.

గర్భము 20 వారములు దాటిన పిదప రక్తపుపోటు 140/90 గాని, అంతకు మించి గాని యుండి, మూత్రమున మాంసకృత్తులు పోవుటయో, కాలేయము, మూత్రపిండములు, మెదడు మున్నగు అవయవములు చెడుటయో కానవచ్చినచో వైద్యులు దానిని ప్రీఎక్లాంప్సియా యందురు. లోకమంతట 100 గర్భములలో 2 మొదలు 8 వరకు ఈ వ్యాధి కలుగుచున్నది. అది ముదిరి మూర్ఛలు వచ్చినచో ఎక్లాంప్సియా యగును. తెలుగునాట పెద్దలు గుఱ్ఱపువాతమని చెప్పుకొనునది ఇదియే. ఎక్లాంప్సియా యను పేరు మెఱుపువలె తటాలున పొడసూపుటను తెలుపు గ్రీకుమాటనుండి వచ్చినది. ఆ పేరెంత తగినదో ఆ మూర్ఛను కన్నులార చూచినవారికే తెలియును. గాలి సోకినదని వేపమండలు తెచ్చిన కాలము గతించినదని పలువురు తలంతురు గాని, అంత పూర్తిగా గతింపలేదు.

ఈ వ్యాధికి మూలము మాయయందున్నది. గర్భాశయమందలి సన్నని రక్తనాళములు తొలిమాసములలో వెడల్పై మాయకు సమృద్ధిగా రక్తము నందింపవలెను. కొందఱిలో అవి చాలినంత వెడల్పు కావు. రక్తము చాలని మాయ కొన్ని పదార్థములను తల్లి రక్తములోనికి విడుచును. మద్రాసు వైద్యకళాశాలలో చదివి అమెరికా వెడలిన అనంత్ కరుమంచియు, ఆయన తోడి శాస్త్రజ్ఞులును 2003లో బోస్టన్ నగరమున ఈ పదార్థములలో ఒకదానిని బయటపెట్టిరి. అది తల్లి రక్తనాళముల లోపలి పొరను కాపాడు ద్రవ్యములను పట్టి బంధించివేయును. అందుచేతనే ఆ పొర దెబ్బతినును, పోటు హెచ్చును. మాయ పడిన పిదప వ్యాధి తగ్గుముఖము పట్టుటయు అందుచేతనే. పల్లెలోని ఆ పాతమాటకు ఆధారము ఇంతమాత్రమే.

మిగిలిన సగమును లోకము తెలిసికొనిన వృత్తాంతము కొంత విపులముగా చెప్పదగినది. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమున జెర్సీ సిటీ యను నగరమందు మార్గరెట్ హేగ్ ప్రసూతి ఆస్పత్రి యుండెను. అచ్చట 1931 మొదలు 1951 వరకు ఎక్లాంప్సియా వచ్చియు బ్రతికి బయటపడిన స్త్రీలు 270 మంది. లియాన్ చెస్లీ యను పరిశోధకుడు వీరిని విడువక వెంబడించెను. ఆయన వైద్యపట్టము పొందినవాడు కాడు. ప్రయోగశాలలో పనిచేసిన శాస్త్రజ్ఞుడు. ఏండ్లకొలది, పదులకొలది ఏండ్లు, ఆ స్త్రీలెట్లున్నారో మరల మరల విచారించుచునే యుండెను. ఆరవ పర్యాయపు విచారణ ముగిసి 1976లో ప్రకటితమగునాటికి, 270 మందిలో ఒక్కరు తప్ప అందఱి సమాచారమును 1973-74 వరకు ఆయనకు చిక్కినది. పెండ్లితో పేరు మారును, బ్రతుకుతెరువుకై ఊరు మారును. అట్టి లోకమున ఇది సామాన్యమైన పని కాదు. లెక్కలు వ్రాసి భద్రపఱచుట విసుగుపని అనుకొనువారు ఈ ఒక్క మనుష్యుని తలంచుకొనిన చాలును.

ఆయనకు కనబడినదేమి? తొలిచూలున మూర్ఛ వచ్చిన తెల్లజాతి స్త్రీలు తక్కినవారివలెనే జీవించిరి. మలిచూలులలో వచ్చినవారియందు మాత్రము మరణములు అనుకొనినదానికంటె 2, 3 రెట్లు అధికమైనవి. అందుచే తొలికాన్పువారికి భయములేదని వైద్యలోకము చాలకాలము ఊరడిల్లినది. 270 మంది లెక్కతో ఆ మాట చెల్లినది. లక్షల లెక్క వచ్చినప్పుడు చెల్లలేదు.

ఆ లక్షల లెక్క నార్వే దేశమునుండి వచ్చినది. అచ్చట 1967 నుండి దేశమందలి ప్రతి జననమును ఒక పట్టికలో వ్రాయుచున్నారు. 1967 మొదలు 1992 వరకు జరిగిన 6 లక్షలకు పైబడిన కాన్పులను పరిశీలించి 2001లో ఒక నివేదిక ప్రకటించిరి. ఈ వ్యాధి కలిగి, నెలలు నిండకయే ప్రసవించిన తల్లులలో గుండెజబ్బులవలని మరణము, వ్యాధి లేక నెలలు నిండి ప్రసవించినవారితో పోల్చగా, 8 రెట్లు ఉండెను. నెలలు నిండిన పిదప ప్రసవించినవారికి అంత హెచ్చు లేదు. 2007లో పలుదేశముల పరిశోధనలను, సుమారు 35 లక్షల స్త్రీల వివరములను, ఒకచోట కూర్చిచూడగా, 14 ఏండ్లలో రక్తపుపోటు వ్యాధి 3 రెట్లకు మించియు, సుమారు 12 ఏండ్లలో గుండె రక్తనాళముల జబ్బు 2 రెట్లును, 10 ఏండ్లలో పక్షవాతము ఇంచుమించు 2 రెట్లును కనబడెను. 2017 నాటి మఱియొక సంకలనములో గుండె నీరసించు జబ్బు 4 రెట్లని తేలినది. అమెరికా హృదయరోగ సంఘము 2011 నుండియే ఈ కాన్పు వ్యాధిని స్త్రీల గుండెజబ్బునకు ముందుసూచనలలో ఒకటిగా చేర్చినది.

రెట్లనగానే బెదరరాదు. 100 మందిలో ఇద్దఱికి రావలసినది నలుగురికి వచ్చినను రెండు రెట్లే యగును. తక్కిన 96 మంది సుఖముగనే యుందురు. ఈ వ్యాధి వచ్చిన స్త్రీలలో అధికులు గుండెజబ్బు లేకయే ముసలివారగుదురు. ఇది శాపము కాదు, ముందుగా అందిన కబురు. ముప్పది ఏండ్లకే ఇట్టి కబురు పురుషులకు దొరకదు!

కాన్పునాటి వ్యాధికిని గుండెకును సంబంధమేమి? ఖాళీగా పోవు బండికి ఇరుసులోని బీట తెలియదు. ధాన్యపు బస్తాలు వేసి కాలువగట్టు ఎక్కించినప్పుడు కిఱ్ఱుమనును. గర్భిణి శరీరమున రక్తము ఇంచుమించు సగమువంతు హెచ్చును. గుండె ఆ బరువును తొమ్మిది నెలలు లాగవలెను. పుట్టుకతోనో, తలిదండ్రులనుండియో వచ్చిన లోపమున్నచో అది అప్పుడు బయటపడును. ఇది ఒక వాదము. వ్యాధియే రక్తనాళములకు మాయని దెబ్బ తగిలించి పోవునని రెండవ వాదము. రెండును కొంతకొంత నిజమని చాలమంది వైద్యుల అభిప్రాయము. ఇంటివారికి ఈ తగవు తీరనక్కఱలేదు. చేయవలసిన పని ఏ వాదమందైనను ఒక్కటే.

ఆ పనికి అడ్డువచ్చునది రోగముకంటె ఆచారమే యని చెప్పవచ్చును. తెలుగుదేశమున తొలికాన్పు పుట్టినింట జరుగును. పోటు కొలిచినది పుట్టినింటి ఊరి నర్సమ్మ. మందిచ్చినది ఆ తాలూకా వైద్యుడు. చీటి యున్నది తల్లి పెట్టెలో. మూడవ నెలనో, ఐదవ నెలనో బిడ్డతో చీరసారెలతో పిల్ల అత్తింటికి పోవును. చీర వచ్చును, ఊయెల వచ్చును, చీటి రాదు. పోటు మాట అత్తింట చెప్పినచో పిల్లకు వంక పెట్టుదురని తల్లియే దాచుటయు కలదు. ఇరువది ఏండ్ల పిదప ఆమెకు ఛాతీలో నొప్పి వచ్చినప్పుడు ఆ సంగతి ఎఱిగినవా రెవ్వరును ప్రక్కన నుండరు. ఆమెయే మఱచియుండును.

కావున మాతాశిశు సంరక్షణ కార్డును, ఆస్పత్రి విడుదల చీటిని పారవేయరాదు. రెండిండ్లయందును ఒక్కొక్క నకలు ఉండవలెను. ఏ సంవత్సరమున, ఎన్నవ వారమున పోటు హెచ్చినది, మిక్కిలి యెక్కువగా ఎంత చూపినది, మూర్ఛ వచ్చినదా లేదా, బిడ్డ ఎంత తూగినది, ఏ మందు వాడినది - ఇంత వ్రాసిన చాలును.

కాన్పైన తొలి 6 వారములు ఏమఱుపాటు పనికిరాదు. మూర్ఛ కాన్పు తరువాత కూడ రావచ్చును. బాలెంతకు తలనొప్పి యనగానే చెవులలో దూది పెట్టి, తలకు గుడ్డ చుట్టి, సాంబ్రాణి ధూపము వేయుదురు. వేయనిండు, కాని విడువని తలనొప్పి, కన్నులు మసకలగుట, డొక్కపైభాగమున నొప్పి, ఆయాసము - వీనిలో ఏది కనబడినను ఆనాడే పోటు కొలిపింపవలెను. ఆక్స్ఫర్డు నగరమున కొందఱు తల్లులచే కాన్పైనప్పటినుండి ఇంటియొద్దనే పోటు కొలిపించుచు, వైద్యుడు చూచి మందు సవరించుచు వచ్చిరి. 9 నెలల పిదప చూడగా వారి క్రిందిపోటు తక్కినవారికంటె సుమారు 6 పాళ్ళు తక్కువగా నుండెనని 2023లో ప్రకటించిరి. తొలివారముల శ్రద్ధ ఆ వారములతో పోదని దీనివలన తెలియుచున్నది.

పిమ్మట ఏటేట పోటు కొలిపించుకొనవలెను. చక్కెర, కొవ్వు పరీక్షలు వైద్యుడు చెప్పిన చొప్పున చేయించుకొనవలెను. ఉప్పు దినమునకు 5 గ్రాములకు, అనగా ఒక చిన్నచెంచాకు, లోబడవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆవకాయ, అప్పడము, ఎండుచేప లేక ముద్ద దిగనివారికి ఇది కష్టమే. జాడీ పూర్తిగా మూయలేకున్నను విస్తరిలో పడు బద్ద చిన్నది కావచ్చును. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములందు స్త్రీలు త్రాగు అడ్డపొగ నోటికే కాదు, గుండెకును చేటు. ఇంటిపని చేయుచునే యుంటిమి గదా, వేరే నడక యెందుకని అనువారు కలరు. నాట్లు, కలుపులు చేయువారికి నిజముగనే అక్కఱలేదు. పొలము విడిచి ఇంట కూర్చున్నవారికి వారమునకు 150 నిమిషముల చుఱుకైన నడక కావలెను.

మరల గర్భము నిలిచినచో తొలినెలలలోనే ముందటి కాన్పు సంగతి చెప్పవలెను. ఈ వ్యాధి మరల వచ్చుట సుమారు 7గురిలో ఒకరికి కలదు. గర్భము 12 వారములు దాటిన పిదప వైద్యుని సలహాపై ఆస్పిరిన్ కొద్దిపాటి మోతాదున వాడినచో నెలలు నిండకమున్ను వచ్చు తీవ్రవ్యాధి చాలవఱకు తగ్గునని 2017లో రుజువైనది. పోటుకు వాడు మందులలో కొన్ని గర్భమున పనికిరావు. కావున గర్భము కోరుటకు ముందే వైద్యుని అడుగుట మేలు.

స్త్రీలకు గుండెనొప్పి ఎల్లప్పుడును నాటకములలోవలె ఱొమ్ము పట్టుకొని కూలునట్లు రాదు. దవడయందో, వీపునందో నొప్పి, ఆయాసము, చెమట, వాంతి, ఎన్నడు లేని అలసట - ఇట్లును వచ్చును. వాయువని వాము నమిలి తెల్లవారువఱకు కూర్చుండక, 108 వాహనమును పిలిపించి, పెట్టెలోని ఆ పాతచీటిని గూడ వెంట తీసికొనిపోయి వైద్యుని చేతికీయవలెను.