మారవలసినది, మారకూడనిది



1992 అక్టోబరు 2న అవిభక్త కోరాపుట్ జిల్లా నాలుగుగా విడివడి రాయగడ, నవరంగపూర్, మల్కనగిరి వేరు జిల్లాలయ్యాయి. ఆ నవంబరులోనే మైక్రోసాఫ్ట్ సంస్థ ‘యాక్సెస్’ అనే డేటాబేస్‌ను వెలువరించింది. కొండల నడుమ చెదరి ఉన్న పాఠశాలల ప్రవేశ పట్టికలకు ఇటువంటి సాధనం ఎంతో అనుకూలం. అయితే దానిని సవరించడంలోనే చిక్కు ఉన్నది.

సవరణ అన్ని ఊళ్లకూ ఒకేనాడు చేరదు. జయపురంలో కొత్త ప్రతి, గుణుపురంలో పాత ప్రతి నడుస్తున్నాయనుకుందాం. గుణుపురపు ఫైలును తీసి కొత్త ఫైలును ఉంచితే, అక్కడ నిన్నటివరకు ఎక్కించిన పేర్లన్నీ పోతాయి.

అందుచేత ఫైలును రెండుగా విభజించాలి. వివరాలుండే పట్టికలు ఒకటి. తెరపై కనిపించే ఫారములు, నివేదికలు రెండవది. సవరించి పంపవలసినది రెండవదానినే. దానికొక వరుస సంఖ్య ఉండాలి. తెరిచినప్పుడు ఆ సంఖ్యను పట్టికలలో నమోదైన సంఖ్యతో పోల్చుకొని, తాను పాతదైతే పని నిరాకరించాలి. పట్టికల రూపమే మార్చవలసివస్తే, అందరూ పని ముగించిన పిదప, ముందు నకలు తీసి భద్రపరచి, ఆపైన మార్చాలి.

ఇంత జాగ్రత్త ఎందుకు? ప్రవేశ పట్టికలోని జన్మతేదీ ఉద్యోగం నుండి పింఛను వరకు మనిషి వెంట నడుస్తుంది. ప్రోగ్రాము చెడితే తిరిగి వ్రాసుకోవచ్చు. నకలు లేని పట్టిక చెడితే, ఆ బిడ్డ వివరాలు తిరిగి దొరకవు. పాఠశాల కాపాడవలసినది యంత్రాన్ని కాదు, అందులోని పేరును.