పెర్త్ నుంచి ఎక్స్‌మౌత్: 1250 కిలోమీటర్లు, ఒక వ్యాన్, ఫారంలో ఒక టిక్

పోయిన ఎపిసోడ్ చివర్లో చెప్పాను కదా, ఈసారి ఆస్ట్రేలియా అని. ఆస్ట్రేలియా అంటే మనకి సిడ్నీ, మెల్‌బోర్న్, క్రికెట్. స్కూబా అంటే గ్రేట్ బారియర్ రీఫ్. అవన్నీ తూర్పు వైపు. నేను వెళ్లింది దానికి పూర్తిగా అవతలి వైపు, పడమటి తీరానికి. పెర్త్‌లో వ్యాన్ ఎక్కి సముద్రం ఎడమ పక్కన పెట్టుకుని ఉత్తరంగా వెళ్తే ఎక్స్‌మౌత్ అనే చిన్న ఊరు వస్తుంది. దాదాపు 1250 కిలోమీటర్లు.

ఇది ఎంత దూరమో మన లెక్కలో చెప్తా. ఇచ్ఛాపురంలో బయల్దేరి తడ దాకా హైవే మీద వచ్చేసినా ఇంకో రెండొందల కిలోమీటర్లు మిగిలిపోతుంది. పైగా మన దారిలో శ్రీకాకుళం, వైజాగ్, రాజమండ్రి, ఏలూరు, విజయవాడ, ఒంగోలు, నెల్లూరు ఉన్నాయి. అక్కడ? జెరాల్డ్‌టన్, తర్వాత కార్నార్వన్. ఊరు అనదగ్గవి హైవే మీద ఈ రెండే. ఆ రెంటి మధ్య 480 కిలోమీటర్లు. మధ్యలో రోడ్‌హౌస్‌లు అని వస్తాయి. ఒక పెట్రోల్ బంకు, ఒక కొట్టు, ఒక బాత్రూమ్. అంతే. అక్కడ డీజిల్ పట్టించకుండా "తర్వాతి దాంట్లో చూద్దాంలే" అంటే, కొన్నిచోట్ల ఆ తర్వాతిది వంద కిలోమీటర్ల పైన ఉంటుంది. ఫోన్ సిగ్నల్ ఉండదు.

నాతో వచ్చింది మా మేనత్త కొడుకు. పెర్త్‌లోనే ఉద్యోగం. వీడియోలో ముఖం చూపించొద్దన్నాడు, పేరు కూడా చెప్పొద్దన్నాడు, కాబట్టి మీకూ నాకూ బావే. ఇది 2025 మే నెల. అక్కడ అది చలికాలం ముందు రోజులు, ఎండ హాయిగా ఉంటుంది.

ప్లానింగ్ గురించి ముందు చెప్పేస్తా, ఎందుకంటే ఈ ట్రిప్‌లో అసలు విషయం అక్కడే ఉంది. బావకి సోమవారం ఆఫీసు. అంటే ఆదివారం మధ్యాహ్నం లియర్‌మంత్ ఎయిర్‌పోర్టులో పెర్త్ ఫ్లైట్ ఎక్కాలి. నేను వ్యాన్ వెనక్కి తోలుకొస్తా. మామూలు ట్రిప్ అయితే ఆదివారం పొద్దున కూడా ఒక డైవ్ వేసి, తల తుడుచుకుని ఫ్లైట్ ఎక్కేయొచ్చు అనిపిస్తుంది. కుదరదు.

ఎందుకో చెప్తా. గోలీసోడా గుర్తుందా? గోలీ ఉన్నంతసేపు లోపల బుడగలు కనపడవు. టప్‌మని గోలీ నొక్కగానే బుసబుసా పొంగుతుంది. నీళ్ల లోపల మన ఒళ్లు కూడా అంతే. లోతుకి వెళ్లేకొద్దీ ఒత్తిడి పెరిగి, పీల్చే గాలిలో ఉన్న నైట్రోజన్ రక్తంలో, కండరాల్లో కరుగుతుంది. మెల్లగా పైకొస్తే ఊపిరితో మెల్లగా పోతుంది. డైవ్ అవగానే ఫ్లైట్ ఎక్కితే, విమానం లోపల ఒత్తిడి నేల మీదకంటే తక్కువ కాబట్టి, మనమే గోలీ నొక్కినట్టు. కీళ్ల నొప్పులతో మొదలై పక్షవాతం దాకా వెళ్లొచ్చు. అందుకే ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, వరసగా డైవ్‌లు వేస్తే కనీసం 18 గంటలు ఆగమంటారు. మేం 24 పెట్టుకున్నాం. ఆదివారం ఫ్లైట్ నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ వస్తే శుక్రవారం డైవ్, శనివారం నీటి పైన మాత్రమే ఈత. మిగతా రోజులన్నీ దీని చుట్టూ సర్దుకున్నవే. సాఫ్ట్‌వేర్‌లో డెడ్‌లైన్ ముందు ఒక రోజు బఫర్ పెడితే మేనేజర్ ముందు దాన్నే కోసేస్తాడు. ఇక్కడ కోయడానికి మేనేజర్ లేడు.

ఇంకో రూల్ ఏంటంటే చీకటి పడ్డాక వ్యాన్ కదలకూడదు. మా అద్దె అగ్రిమెంట్‌లోనే ఉంది, ఊరి బయట రాత్రి నడిపితే ఇన్సూరెన్స్ వర్తించదని. కారణం కంగారూలు. సాయంత్రం ఎండ తగ్గగానే రోడ్డు పక్కకి మేతకొస్తాయి, హెడ్‌లైట్ చూసి అడ్డంగా దూకుతాయి. రోడ్డు పక్కన చచ్చిపడి ఉన్నవాటిని లెక్కపెట్టడం మొదటి రోజే మానేశాం. ఇక రోడ్ ట్రైన్లు. ఒక లారీకి మూడు ట్రైలర్లు తగిలించి 50 మీటర్ల పైన పొడుగు ఉంటుంది. అది ఎదురుగా వచ్చి దాటినప్పుడు వ్యాన్ మొత్తం ఒక అడుగు పక్కకి జరిగినట్టు ఉంటుంది. స్టీరింగ్ మాత్రం మనలాగే కుడివైపు, బండి నడిపేది ఎడమ పక్కన, కాబట్టి అలవాటు పడక్కర్లేదు.

దారిలో చూసినవన్నీ చెప్తే మూడు ఎపిసోడ్లు అవుతుంది. ఒక్కటి చెప్తా. షార్క్ బే దగ్గర షెల్ బీచ్ అని ఉంది. ఇసుకే లేదు. గోరంత గవ్వలు, కోట్లు కోట్లు, కిలోమీటర్ల పొడుగున, మీటర్ల లోతున. ఆ నీళ్లలో ఉప్పు ఎక్కువ కాబట్టి వాటిని తినే జీవులు బతకవు, ఇవి మాత్రం పెరుగుతూ పోయాయి. గవ్వలు గట్టిపడి రాయిలా అయితే, వాటిని దిమ్మలుగా కోసి పక్కన డెన్హమ్ ఊళ్లో ఇళ్లు కట్టారు. మన కోస్తాలో గుల్లలు కాల్చి సున్నం చేసి గోడకి కొట్టేవాళ్లు. వీళ్లు గుల్లతోనే గోడ లేపేశారు.

కార్నార్వన్‌లో అరటితోటలు కనపడ్డాయి. ఎడారి పక్కన అరటి ఏంటి అనుకున్నా. గాస్కోయిన్ అని నది ఉంది, ఏడాదిలో ఎక్కువ రోజులు పైకి ఇసుక మాత్రమే కనపడుతుంది, నీళ్లు కింద ఉంటాయి. చిన్నగా, చక్కెరకేళిలా తియ్యగా ఉన్నాయి పళ్లు. అదే ఊళ్లో అపోలో రోజుల్లో నాసా ట్రాకింగ్ స్టేషన్ ఉండేది. ఇప్పుడు అక్కడ మ్యూజియం. ఆ రాత్రి క్యాంప్‌లో పప్పు కోసం కుక్కర్ పెట్టాం. మూడు విజిల్స్‌కి పక్క వ్యాన్లలోంచి రిటైరైన తాతలు, బామ్మలు లేచి నిలబడ్డారు, ఎవరిదో గ్యాస్ లీకవుతోందని. చివరికి ఒకావిడ పప్పన్నం ఆవకాయతో తిని, నీళ్లు తాగి, మళ్లీ పెట్టించుకుంది.

ఇప్పుడు ఎక్స్‌మౌత్. ఊరి కథే విచిత్రం. 1967లో అమెరికా నేవీ కమ్యూనికేషన్ స్టేషన్ కోసం కట్టిన ఊరు ఇది. సముద్రం అడుగున తిరిగే సబ్‌మెరైన్లకి రేడియో సందేశాలు పంపే టవర్లు ఉన్నాయి, మధ్యది 387 మీటర్లు. ఆ స్టేషన్‌కి పెట్టిన పేరు హెరాల్డ్ హోల్ట్. ఆయన ఆస్ట్రేలియా ప్రధానమంత్రి, 1967 డిసెంబర్‌లో సముద్రంలో ఈతకెళ్లి మళ్లీ కనపడలేదు. సముద్రంలో మాయమైన మనిషి పేరు సముద్రపు స్టేషన్‌కే పెట్టుకున్నారు!

ఆ స్టేషన్ వాళ్ల జెట్టీయే నేవీ పియర్. అక్కడే మా డైవ్. రక్షణ శాఖ స్థలం కాబట్టి సొంతంగా వెళ్లడానికి లేదు, అనుమతి ఉన్న డైవ్ సంస్థతోనే వెళ్లాలి. గురువారం సాయంత్రం ఫారాలు ఇచ్చారు. బావ, నేను పక్కపక్కన కూర్చుని నింపుతున్నాం. ఆస్తమా ఉందా అన్న ప్రశ్న దగ్గర బావ పెన్ను ఆగింది.

చిన్నప్పుడు బావకి ఉబ్బసం ఉండేది. ఇంటర్ దాకా జేబులో ఇన్‌హేలర్ ఉండేది. ఇప్పుడు ఏమీ లేదు, కానీ జలుబు చేస్తే రాత్రి పిల్లికూతలు వస్తాయి. నాకు తెలుసు, మా ఇంట్లోనే పెరిగాడు. కోర్సు చేసినప్పుడు కూడా బాగానే ఉన్నాడు. "నో కొట్టేస్తా రా, ఎవడు చూస్తాడు?" అన్నాడు మెల్లగా, తెలుగులో. డబ్బు కట్టేశాం, తిరిగి రాదు. ఐదు రోజులు బండి నడిపి వచ్చాం. మనిషి రెండేళ్ల నుంచి ఈ జెట్టీ వీడియోలు చూస్తున్నాడు. వద్దు బావా అన్నాను. "నువ్వు దూకుతావు కాబట్టి సులభంగా అంటావు" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు, నిజమే కదా.

అప్పుడు బావే లేచి వెళ్లి ఇన్‌స్ట్రక్టర్‌ని అడిగాడు, "చిన్నప్పటి ఆస్తమా కూడా రాయాలా?" అని. ఆవిడ తిట్టలేదు, లెక్చర్ ఇవ్వలేదు. ఒక లెక్క చెప్పింది. మనం ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిన బాయిల్స్ లా. 10 మీటర్ల లోతులో ఒత్తిడి పైనదానికి రెండింతలు. అక్కడ పీల్చిన ఒక లీటర్ గాలి పైకొచ్చేసరికి రెండు లీటర్లు అవుతుంది. మామూలుగా అయితే ఊపిరి వదులుతూ వస్తాం, ఏమీ కాదు. ఉబ్బసంలో సన్నటి గొట్టాలు బిగుసుకుంటే గాలి లోపల చిక్కుకుపోతుంది. అది ఉబ్బి ఊపిరితిత్తి చిరిగితే గాలి బుడగ రక్తంలోకి, అక్కడినుంచి మెదడుకి వెళ్లొచ్చు. చల్లటి పొడి గాలి, భయం, ఈత ఆయాసం, ఇవన్నీ ఉబ్బసాన్ని లేపేవే. "ఇక్కడ చిన్న ఆసుపత్రే ఉంది. ప్రెషర్ చాంబర్ కావాలంటే పెర్త్ పంపాలి" అంది. పెర్త్‌లో ఫియోనా స్టాన్లీ ఆసుపత్రిలో ఉంది ఆ చాంబర్. మేం ఏ 1250 కిలోమీటర్లు సరదాగా నడిపి వచ్చామో, అదే దూరం. విమానంలో పంపినా, ఎక్కువ ఎత్తులో గాలి ఒత్తిడి తగ్గితే బుడగ ఇంకా ఉబ్బుతుంది కాబట్టి లోపల ఒత్తిడి నేల మీదలాగే ఉంచి తీసుకెళ్లాలి.

బావ ఎస్ మీద టిక్ పెట్టాడు. డాక్టర్ సంతకం లేకుండా డైవ్ లేదన్నారు. ఊపిరి పరీక్ష చేసి సంతకం పెట్టే డాక్టర్ మర్నాడు ఉదయానికి దొరకలేదు. ఆ రాత్రి వ్యాన్‌లో ఎవరం పెద్దగా మాట్లాడుకోలేదు. పెరుగన్నం తిని పడుకున్నాం.

శుక్రవారం నేను దూకాను. అటుపోట్ల మధ్య నీళ్లు నిలకడగా ఉండే కాసేపట్లోనే డైవ్ అయిపోవాలి. జెట్టీ మీంచి పెద్ద అంగ వేసి దూకడమే, పడవ లేదు. లోతు 15 మీటర్ల చుట్టూ అంతే. కానీ ఆ స్తంభాల మధ్య చేపలు నీళ్లకంటే ఎక్కువ ఉన్నాయి అనిపించింది. చాపలా పరుచుకుని పడుకునే వాబెగాంగ్ సొరలు, తెల్లకొన సొరలు, మోటార్ సైకిల్ అంత గ్రూపర్ ఒకటి. అది నన్ను చూసి పక్కకి కూడా జరగలేదు. పైకొచ్చి ఫుటేజ్ చూపిస్తే బావ మొత్తం చూశాడు, మాట్లాడకుండా. రెండోసారి కూడా చూశాడు.

మధ్యాహ్నం కేప్ రేంజ్ నేషనల్ పార్క్‌కి వెళ్లాం. అక్కడ క్యాంప్ సైట్లు ముందే బుక్ చేసుకోవాలి, తాగే నీళ్లు ఉండవు, మనమే మోసుకెళ్లాలి. టర్కాయిజ్ బేలో ఒడ్డునుంచి దిగి, ప్రవాహం తీసుకెళ్తుంటే పగడాల మీదుగా తేలుతూ పోవడమే. ఒక్క జాగ్రత్త ఉంది. చివర ఇసుక తిన్నె వస్తుంది, దానికి ముందే గట్టెక్కాలి. దాటితే రీఫ్‌లో ఉన్న సందులోంచి నీళ్లు సముద్రంలోకి లాగేస్తాయి. మనుషులు పోయారు అక్కడ. బోర్డు ఉంది, చదవండి.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. నా థంబ్‌నెయిల్‌లో నీలం నీళ్లు, రంగుల పగడాలు లేవు, గమనించారా? పెట్టడానికి పాత ఫొటోలు నెట్‌లో బోలెడు ఉన్నాయి. మేం చూసింది వేరు. పగడం ఒక జంతువు. దాని ఒంట్లో కంటికి కనపడని నాచు కాపురం ఉంటుంది, ఎండతో తిండి వండి పెట్టేది అదే, రంగు కూడా చాలావరకు దానిదే. నీళ్లు వారాల తరబడి వేడెక్కితే పగడం ఆ నాచుని బయటికి గెంటేసి తెల్లబడుతుంది. వెంటనే చావదు, చల్లబడితే కోలుకుంటుంది కూడా. చల్లబడకపోతే ఆకలితో పోతుంది. 2024–25 వేసవిలో ఆ తీరం అంతా అలా వేడెక్కింది. తూర్పున గ్రేట్ బారియర్ రీఫ్, పడమట ఈ నింగలూ, రెండూ ఒకే వేసవిలో తెల్లబడ్డాయి. నింగలూ 2011 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. మేం వెళ్లేసరికి లోతు తక్కువ చోట చాలా కొమ్మలు తెలుపు కూడా దాటిపోయి, గోధుమరంగు నాచు పట్టి, పాత చీపురుకట్టల్లా ఉన్నాయి. చేపలు మాత్రం ఇంకా వాటి మధ్యే తిరుగుతున్నాయి. నేను తీసిందే పెట్టాను.

శనివారం తిమింగల సొరచేపలు. చేపల్లో అన్నిటికంటే పెద్దది ఇదే, తినేది మాత్రం సముద్రంలో తేలే సన్నజీవుల్ని. మార్చి నుంచి జూలై దాకా అక్కడికి వస్తాయి. 2022లో మన వైజాగ్ దగ్గర తంతడి బీచ్‌లో ఒకటి వలలో పడితే మత్స్యకారులు, అటవీ శాఖవాళ్లు కలిసి సముద్రంలోకి వదిలారు, గుర్తుందా? అదే జాతి. చిన్న విమానం పైనుంచి వెతికి పడవకి చెప్తుంది. సిలిండర్ కట్టుకుని దిగనివ్వరు, స్నార్కెల్ మాత్రమే. ఒకసారికి నీళ్లలో పదిమంది. ఒంటికి 3 మీటర్లు, తోకకి 4 మీటర్ల దూరం.

ఇక్కడా ఫారం ఉంది. బావ ఈసారి ఆగకుండా రాసేశాడు. ముందు రోజే పెర్త్‌లో తన డాక్టర్‌కి ఫోన్ చేసి అడిగాడు, నీటి పైనే ఈత కాబట్టి సరేనన్నారు. ఇన్‌హేలర్ పడవలో గైడ్ చేతికిచ్చాడు, తేలడానికి ఫోమ్ కడ్డీ తీసుకున్నాడు. దూకాడు. కింద చారల చుక్కల బస్సు ఒకటి నెమ్మదిగా పోతున్నట్టు ఉంది. బావ దాని పక్కనే, దూరం పాటిస్తూ, కాళ్లు ఆడిస్తూ పోతున్నాడు. పైకొచ్చి మాస్క్ తీసి ఏదో అరిచాడు. గాలికి నాకు వినపడలేదు. పడవెక్కాక అడిగితే, "ఏమో రా, నాకే తెలీదు" అన్నాడు.

ఆదివారం లియర్‌మంత్‌లో దింపాను. జూన్‌లో పెర్త్‌లో డైవ్ డాక్టర్ దగ్గర ఊపిరి పరీక్షకి అపాయింట్‌మెంట్ తీసుకున్నాడు. సంతకం పెడతారో లేదో ఆ డాక్టర్ చేతిలో ఉంది. నేను మూడు రోజులు ఒక్కడినే వెనక్కి నడిపాను. మిగిలిన ఆవకాయ కార్నార్వన్‌లో ఆ పెద్దావిడకి ఇచ్చేశాను, అదే క్యాంప్‌లో ఇంకా ఉంది.

వచ్చే ఎపిసోడ్‌లో ఈ ట్రిప్ ఖర్చంతా డాలర్లలో, రూపాయల్లో లెక్క చెప్తా, వ్యాన్ అద్దె దగ్గర్నుంచి డీజిల్ దాకా. ఉంటాను మరి, బై.